బిగిసిన బోల్టు - విప్పే పద్ధతి

బెంగళూరు - చిత్తూరు రహదారి మీది ఊరు మన పలమనేరు. మొగిలి ఘాటు ఎక్కి దిగే లారీలకు మరమ్మతు చేసే షెడ్లలో ఉర్దూ, తెలుగు కలిసిన మాటలు వినబడును. అందులో 'జంగ్' ఒకటి, అనగా తుప్పు. ఉర్దూలో తుప్పుకూ యుద్ధానికీ మొదటి అక్షరాలు వేరు. తెలుగు లిపిలో మాత్రం రెండూ 'జంగ్' అగును. తుప్పుపట్టిన బోల్టుతో కొందరు యుద్ధానికే దిగుట మేము చూచియున్నాము. దాని ఫలితం తల తెగిన బోల్టు, నలిగిన వేళ్ళు, డ్రైవరు పోగొట్టుకొన్న ఒకనాటి బాడుగ. కనుక విషయాన్ని శాస్త్రరీత్యా పరిశీలింతము.

ఇనుము తేమతో, గాలితో కలిసి తుప్పుగా మారును. తుప్పు తాను తిన్న ఇనుము కంటె రెండింతలకు మించిన చోటు ఆక్రమించును. బోల్టు మరలకూ నట్టు మరలకూ నడుమ అంత చోటు లేదు. అందుచేతనే నట్టు బిగుసుకొనును. కాబట్టి బలం చూపుటకు ముందు సందు కల్పించవలెను.

మొదట తీగ బ్రష్షుతో మట్టి, తుప్పు రాల్చవలెను. తరువాత మరలలోనికి ఇంకే పలుచని నూనె పోసి కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి, విడువవలెను. నడుమ నడుమ సుత్తితో మెల్లగా తట్టినచో తుప్పు పగిలి నూనె లోనికి దిగును. పానా అరగనిదై, నట్టు ఆరు ముఖాలనూ పట్టునదై ఉండవలెను. విప్పే దిక్కున కొద్దిగా కదిలిన వెంటనే తొందరపడక, ముందుకూ వెనుకకూ త్రిప్పుచు, నూనె వేయుచు తీయవలెను.

ఏ దిక్కున విప్పవలెనో కూడ తెలియవలెను. సైకిలు ఎడమ పెడలుకూ, కొన్ని లారీల ఎడమ చక్రాల నట్లకూ మర తిరుగుడుగా ఉండును. అక్కడ అలవాటు చొప్పున త్రిప్పినచో మరింత బిగియును.

అప్పటికీ కదలనిచో వేడి. బోల్టును కాక నట్టును కాచవలెను. 20 మిల్లీమీటర్ల రంధ్రం గల ఉక్కు నట్టు 200 డిగ్రీలు వేడెక్కినచో రంధ్రం సుమారు 0.05 మిల్లీమీటరు పెరుగును. సన్నని వెంట్రుక మందమే అయినను, తుప్పు పట్టు విడుచుటకు తరచు అది చాలును. అయితే ముందుగా నూనెను తుడువవలెను. ఇంధనపు ట్యాంకు, బ్రేకు గొట్టాల దగ్గర మంట పనికిరాదు. గాలి నిండిన టైరు ఉన్న చక్రపు నట్లను కాచరాదు; టైరు ప్రేలి ప్రాణం తీయగలదు.

పానాకు గొట్టం తొడిగి పొడవు రెట్టింపు చేసినచో మెలిపెట్టే శక్తి రెట్టింపగును. కాని బోల్టు ఓర్పు రెట్టింపు కాదు. అందుచేత అది చివరి ఉపాయాలలో ఒకటి. దానికీ లొంగనిచో నట్టును ఉలితో చీల్చి తీసి, కొత్తది వేయుట మేలు.

చేతిపని తక్కువదని తలచే విద్యార్థులు ఒక్కటి గమనింతురు గాక. భౌతిక, రసాయన శాస్త్రాల పాఠాలను షెడ్డులోని ఉస్తాదు పుస్తకం లేకనే ప్రతిదినం ఆచరించుచున్నాడు. ఆయన అనుభవమూ మన చదువూ కలిసిననాడు రెండింటికీ పదును హెచ్చును.