పునాది గట్టిపడిన తరువాతే

భవనానికి పునాది ఎంత ముఖ్యమో, చదువుకు పూర్వజ్ఞానం అంత ముఖ్యం. ఆరవ తరగతిలో భిన్నాలు అవగతం కాని విద్యార్థికి ఆ పై నిష్పత్తులు, బీజగణితం, రసాయనశాస్త్రంలోని లెక్కలు వరుసగా భారమవుతాయి. అతనికి గణితం రాదని తోటివారు నిర్ణయిస్తారు. కొంతకాలానికి అతడూ ఆ మాటను నమ్ముతాడు. నిజానికి లోపం అతని బుద్ధిలో లేదు. మధ్యలో జారిపోయిన ఒక మెట్టులో ఉంది.

తరగతి గదిలో కాలం నిర్ణీతం. పరీక్షలనాటికి పాఠ్యప్రణాళిక పూర్తికావాలి. నూటికి 35 మార్కులతో ఉత్తీర్ణుడైన విద్యార్థి తనకు తెలియని 65 పాళ్ళను వెంట మోసుకొనే పై తరగతికి వెళతాడు. ఈ పరిస్థితిని గమనించిన అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1968లో సంపూర్ణాభ్యసన పద్ధతిని ప్రతిపాదించాడు. దీనినే మాస్టరీ లెర్నింగ్ అంటారు. ఒక అంశం పట్టుబడిన తరువాతే రెండవ అంశానికి వెళ్ళాలి; అందుకు ఒకరికి రెండు రోజులు, మరొకరికి వారం పట్టవచ్చు అన్నది దీని సారాంశం.

ఈ భావన తెలుగునాట పూర్తిగా కొత్తది కాదు. పూర్వపు వీధిబడిలో గుణింతాలు అప్పచెప్పిన తరువాతే పిల్లవాడు తరువాతి పాఠానికి వెళ్ళేవాడు. అయితే అక్కడ తప్పుకు ఫలితం బెత్తం దెబ్బ; బ్లూమ్ పద్ధతిలో తప్పుకు ఫలితం మరొక వివరణ, మరొక అవకాశం.

ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క గురువు ఉంటే ఫలితాలు ఎంతో మెరుగుపడతాయని బ్లూమ్ 1984లో వివరించాడు. అంతమంది గురువులను నియమించడం ఏ సమాజానికీ సాధ్యం కాదు. ఈ కొరతను కొంతవరకు తీర్చడానికి అంతర్జాలం తోడ్పడుతున్నది. 2004లో సల్మాన్ ఖాన్ అనే యువకుడు బోస్టన్‌లో ఉంటూ, దూరాన న్యూ ఆర్లియన్స్‌లో ఉన్న బంధువుల బాలికకు గణితం బోధించసాగాడు. ఆ ప్రయత్నమే 2008లో ఖాన్ అకాడమీ అనే లాభాపేక్షలేని సంస్థగా రూపొందింది. ఇటువంటి పాఠాలలో విద్యార్థి అర్థంకాని చోట ఆగి, సిగ్గుపడకుండా ఎన్నిసార్లయినా తిరిగి వినవచ్చు. తప్పు చేసిన లెక్కకు వెంటనే సూచన లభిస్తుంది.

ఢిల్లీలో 2015లో జరిగిన ఒక పరిశీలన ఇందుకు నిదర్శనం. మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమం కోసం 619 మంది విద్యార్థులను ఎన్నుకొని, లాటరీ ద్వారా సుమారు సగం మందికి ప్రవేశం కల్పించారు. వారు బడి సమయం తరువాత 45 నిమిషాలు కంప్యూటరు వద్ద తమ స్థాయికి తగిన అభ్యాసం చేసేవారు. మరొక 45 నిమిషాలు చిన్న బృందంగా బోధకుని సహాయం పొందేవారు. నాలుగున్నర నెలలలో వారు గణితంలోనూ హిందీలోనూ మిగిలినవారికంటే గణనీయంగా పురోగమించారు.

కేవలం యంత్రాన్ని ఇస్తే చదువు రాదు. పెరూ దేశపు గ్రామీణ పాఠశాలల్లో లాప్‌టాప్‌లు పంచినా గణితంలో, భాషలో ప్రగతి కనబడలేదని 2012లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. ఊహించి జవాబులు నొక్కిన విద్యార్థిని కూడా యంత్రం నిష్ణాతునిగా భావించవచ్చు. కొన్ని వారాల తరువాత అదే అంశాన్ని తిరిగి అడిగితేనే నిజం తెలుస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట కళాశాలలోనే కంప్యూటర్లు అందుబాటులో ఉంచాలి.

కనుక అంతర్జాలం అధ్యాపకునికి ప్రత్యామ్నాయం కాదు, సహాయకారి. ఏ పదిమంది ఏ లెక్కవద్ద ఆగిపోయారో అది చూపుతుంది. ఆ పదిమందినీ దగ్గర కూర్చోబెట్టుకొని, భయం పోగొట్టి, మరొక విధంగా చెప్పవలసినవాడు గురువే. పద్యంలోని ధ్వనిని అనుభవింపజేయడం, వాదప్రతివాదాలలో ఆలోచనకు పదును పెట్టడం తరగతి గదిలోనే సాధ్యం.

వెనుకటి మెట్టుకు తిరిగి వెళ్ళడం అవమానం కాదు. ఇంటర్మీడియట్ విద్యార్థి ఆరవ తరగతి భిన్నాలను నేడు నేర్చుకొన్నా, రేపటి చదువుకు అది దృఢమైన పునాది అవుతుంది.

అర్థాలు
అవగతం = అర్థమైనది
నిదర్శనం = ఉదాహరణ
నిష్ణాతుడు = నేర్పరి

ప్రశ్నలు
1. సంపూర్ణాభ్యసనం అనగానేమి?
2. ఢిల్లీ పరిశీలన ద్వారా తెలిసిన విషయాలను వివరించండి.
3. అంతర్జాల పాఠాలున్నా అధ్యాపకుని అవసరం ఎందుకు తీరదో సమర్థించండి.