తలనీలాల వేలము – ప్రతిలోమ తర్కము

తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించు తలనీలములను పొడవునుబట్టి తరగతులుగా విభజించి దేవస్థానము ఈ-వేలమున విక్రయించుచున్నది. కొనువాడొక్కడే యనుకొందము: ముందు దేవస్థానము కనీసధరను ప్రకటించును, పిదప కొనుటయో మానుటయో వర్తకుడు నిశ్చయించును. ఇట్టి క్రమానుగత క్రీడలో తుది నిర్ణయమునుండి మొదటిదానికి వెనుకకు నడచుటయే బ్యాక్‌వర్డ్ ఇండక్షన్. గిట్టుబాటైనంతవరకు వర్తకుడు కొనక మానడని యెరిగి, ఆ యెల్లకు సమీపమున ధర నిలుపుట దేవస్థానమునకు లాభకరము. "తగ్గించనిదే కొనను" అను బెదరింపు, లాభము మిగులుచున్నంతకాలము, వట్టిమాట. అట్టి బెదరింపులను త్రోసిపుచ్చు ఉపక్రీడా-పరిపూర్ణ సమతౌల్యమును రైన్‌హార్డ్ సెల్టెన్ 1965లో ప్రతిపాదించి, 1994లో జాన్ నాష్, జాన్ హర్సాన్యీలతో అర్థశాస్త్ర నోబెల్ పంచుకొనెను. ఇట్టి క్రమానుగత క్రీడలలో నొకటైన చదరంగముపై జెర్మెలో సిద్ధాంతము అంతకుముందే, 1913 నాటిది. వర్తకుని గిట్టుబాటు ధర దేవస్థానమునకు తెలియనిచో మాత్రము పై వేలపు లెక్క యింత సులభముగా తేలదు.