తుప్పుపట్టిన బండికి అతుకు వేయువానికి

సైనిక్‌పురి, సికిందరాబాదు



నీ ఉత్తరము చేరినది. సీఓటూ వెల్డింగు యంత్రము కొనవలెనా, ఉన్న గ్యాసు సెట్టుతోనే నెట్టుకొని రావలెనా యని అడిగితివి. కొనుము. మిల్లీమీటరు మందము కూడ లేని కారు రేకును గ్యాసుమంటతో కాచినచో వేడి నలుదెసల ప్రాకి రేకు వంకరలు తిరుగును. ఆర్కు రాడ్డుతో ముట్టినచో కన్నము పడును. అయితే ఆ యంత్రము పనిచేయు తావున ఫ్యాను తిప్పకుము. కరగిన లోహమును కప్పియుండు వాయువు ఆ గాలికి చెదరిపోయి, అతుకంతయు బుడగలు పట్టును. యంత్రమును గూర్చి ఇంతియే. నేను చెప్పగోరినది, మంట పుట్టుటకు ముందు జరుగవలసిన పనిని గూర్చి.

మా సైనిక్‌పురిలో విశ్రాంత సైనికోద్యోగుల ఇండ్ల ముంగిళ్లయందు పాత కార్లైన పద్మినీలును, అంబాసిడర్లును, మారుతీ 800లును నేటికిని కానవచ్చును. ఈ పీఠభూమి పొడిగాలికి ఇనుము త్వరగా చెడదు గాని, విశాఖపట్టణమునందో కొచ్చియందో ఉద్యోగము చేసినవారి బండ్లు సముద్రపు ఉప్పును తమ మడతలలో మోసికొనియే వచ్చును. నీవిప్పుడు ఒప్పుకొన్న పద్మిని అట్టిదే. తలుపుల క్రింద నిడుపుగా సాగు పెట్టెవంటి భాగమున, నీరు జారిపోవు రంధ్రములు బురదతో పూడిపోయి, లోపల నిలిచిన తేమ ఏండ్ల తరబడి రేకును తినివేయును. కావున పైన రంగు క్రింద రూపాయి బిళ్లంత పొక్కు కనబడినచో, లోన అరచేయంత రేకు పోయినదని యెంచుము.

చిన్న సుత్తితో వరుసగా తట్టుకొనుచు పొమ్ము. మంచి రేకు ఖంగుమనును, చెడినది మూగగా పలుకును. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కుము. అది దిగబడిన చోటు నుండి, గ్రైండరు తగిలినంతనే తళతళలాడు ఉక్కు బయటపడు మేర వరకు కోసివేయవలసినదే. తుప్పు లోహము గాదు. అది కరెంటును సరిగా పోనీయదు, వేడికి చిటపటలాడి రవ్వలు చిమ్మును, దాని ప్రక్కనున్న పలుచని రేకు కరగి జారిపోవును. కన్నము పూడ్చబోయి దానినే పెద్దది చేసికొనుచు, వెల్డరు తన చేతిని నిందించుకొనుచుండును గాని, దోషము చేతియందు గాక, కోత సగములో నిలిపిన తొందరయందున్నది.

జీపునకు వేరుగ ఛాసిస్ కలదు. పద్మినీకిగాని, అంబాసిడర్‌కుగాని, మారుతీ 800కుగాని అట్టిది లేదు, ఆ బాడీయే బండికి వెన్నెముక. తలుపు క్రింది పెట్టెను కోయుటకు ముందు, బాడీని సమతలముగా నిలిపి, తలుపు చట్రమునకు అడ్డముగా ఇనుప పట్టీలు బిగింపకపోయినచో, నీ అతుకు ఎంత అందముగా కుదిరినను తలుపు మాత్రము పడదు. పద్మినీ తయారీ 2000 సంవత్సర ప్రాంతమునను, తక్కిన రెండింటి తయారీ 2014లోను నిలిచిపోయినది. కంపెనీ ప్యానెళ్లకై వెదకి వేసారుటకంటె, రాణీగంజులో సీఆర్ షీటు కొని, అట్టముక్కపై కొలత గీచికొని, మూలలు గుండ్రముగా కోసి నీవే వంచుకొనుట మేలు. అతికించునపుడు ఒక కొసనుండి మరియొక కొసకు ఏకధాటిగా పోక, ఇచట నొక ట్యాకు, దూరమున నొక ట్యాకు వేసి, చేయి పెట్టి చూచి, వేడి తగ్గిన పిమ్మటనే నడిమి ఖాళీలు నింపుము.

పాత నీళ్లట్యాంకునుండి జింకు పూత గల జీఐ ముక్క కోసి వాడవలదు. జింకు పొగ పీల్చినవానికి సాయంకాలమునకు చలిజ్వరము వచ్చును. బ్రేకు క్లీనరుతో తుడిచిన రేకుపైనను మంట పెట్టకుము. అందు క్లోరిను కలిసిన ద్రావకమున్నచో వేడికి ప్రాణాంతకమైన విషవాయువు పుట్టును. బ్యాటరీ తీగలు విప్పుము. వెనుక భాగమున పనియైనచో పెట్రోలు ట్యాంకును దించి షెడ్డు వెలుపల దూరముగా నుంచుము. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరమని సైన్యమునందలి మా ఈఎంఈ కార్ఖానాలలో క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి సైతము తెలియును. సీట్లును, నేలపై పరచిన ఫెల్టును తీసివేసి, బక్కెట్టు నీటితో ఒకనిని ప్రక్కన నిలుపుము.

ఇక పుట్టీ సంగతి. కన్నములో ఇనుపజాలి కూరి, పైన పుట్టీ మెత్తి, రంగు కొట్టి ఇచ్చువారు నీ చుట్టు కొల్లలుగా నుందురు. వారి బండ్లు నీ బండ్లకంటె నున్నగా కూడ కనబడును. బంపరు మూలయందైనచో అది మోసము. సీటుబెల్టు బిగించు చోటనో, సస్పెన్షను కూర్చుండు చోటనో అయినచో అది మనిషి ప్రాణముతో ఆట. అట్టి స్థానములచుట్టు అతుకు పట్టుటకు జేనెడు మంచి రేకైనను దొరకనినాడు, ఆ బండిని బాగుచేయజాలనని చెప్పి పంపివేయుము. అతికిన ప్రతి పెట్టెలోనికిని మైనమో గ్రీజో కరగించి పోయనిదే పని ముగిసినట్లు కాదు. లోపల మాడిన పచ్చి ఉక్కు మరుసటి వానకాలమునకే ఎఱ్ఱబారును.

ఆ పద్మినీకి ఇంకను ధర చెప్పలేదని వ్రాసితివి, మంచిదే. ముందు రంగును పుట్టీని గీకి, స్క్రూడ్రైవరు దిగిన ప్రతి చోటును సుద్దతో గుర్తుపెట్టి, యజమానిని షెడ్డునకు పిలిచి కన్నులార చూడనిమ్ము. ఆయన ఒప్పుకొన్న పిమ్మటనే గ్రైండరు చేతబట్టుము.

ఇట్లు,
నీ పెదనాన్న