పోరుకు ముందు ఎదురుచూపు

ముదిగొండ ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. చరిత్ర చదివినవారికి ఆ పేరు ముదిగొండ చాళుక్యుల శాసనాల వల్ల పరిచితమే. వేంగి చాళుక్యులకు సామంతులుగా ఉంటూ, రాష్ట్రకూటులతో తరాల తరబడి సాగిన పోరాటంలో ఆ వంశీయులు పాలుపంచుకొన్నారు. ఒకరి ఓటమిని మరొకరు మరచిపోని వైరమది. నేడు ఆ వైరం శాసనాలకూ, పాఠ్యపుస్తకాలకూ పరిమితమైపోయింది. కాని రెండు పక్షాలు ఏళ్ళ తరబడి తలపడడం, ఒకనాటి పరాభవానికి మరొకనాడు బదులు తీర్చుకోవడం, ఆ మధ్యకాలంలో జనం లెక్కలు వేసుకొంటూ ఎదురుచూడడం అన్నవి మాత్రం మరో రూపంలో నిలిచి ఉన్నాయి. ఆ రూపం క్రికెట్. అందులోనూ టెస్టు క్రికెట్.

భారత, ఆస్ట్రేలియా జట్ల మధ్య టెస్టు సిరీస్ ఆస్ట్రేలియాలో జరుగుతున్నదంటే మెల్‌బోర్న్, సిడ్నీ నగరాల్లో ఆట మొదలయ్యేసరికి మన గడియారంలో ఉదయం ఐదు గంటలు. ధనుర్మాసపు చలిలో, గుడి మైకులో తిరుప్పావై వినిపించే వేళకు పల్లెటూరి వీథి అరుగు మీద ఒకప్పుడు రేడియో కూడా వినిపించేది. వ్యాఖ్యానం ఇంగ్లీషులోనో హిందీలోనో సాగేది. భాష పూర్తిగా రానివారు సైతం ప్రేక్షకుల హోరును బట్టి వికెట్ పడిందో, బంతి సరిహద్దు దాటిందో గ్రహించేవారు. రేడియో స్థానాన్ని టెలివిజన్, దాని స్థానాన్ని చేతిలోని ఫోను ఆక్రమించినా, చీకటితో లేచి ‘ఎవరు టాస్ గెలిచారు?’ అని అడిగే అలవాటు పోలేదు.

ఒక్కరోజు ఆటకూ, టెస్టు సిరీస్‌కూ ఎదురుచూపులో తేడా ఉన్నది. ఒక్కరోజు ఆట సాయంత్రానికి తేలిపోతుంది. టెస్టు సిరీస్ వారాల తరబడి సాగుతుంది. మొదటిరోజు పచ్చికతో ఉన్న పిచ్ ఐదవ రోజుకు పగుళ్ళు తీస్తుంది. ఒక మైదానంలో వేగపు బౌలర్లకు అనుకూలించిన గాలి మరో మైదానంలో ఉండదు. అందుచేత సిరీస్‌కు ముందు అభిమాని వేసే అంచనా వట్టి జోస్యం కాదు. పాత లెక్కలు, పిచ్‌ల స్వభావం, ఆటగాళ్ళ గాయాలు, చివరకు వాతావరణం కూడా అందులో చేరతాయి. ఇన్ని లెక్కలు వేసినా ఆ అంచనా తప్పుతుందన్నది వేరే సంగతి. 2001వ సంవత్సరమే అందుకు పెద్ద నిదర్శనం.

ఆ ఏడాది ఫిబ్రవరిలో స్టీవ్ వా నాయకత్వంలో ఆస్ట్రేలియా జట్టు భారతదేశానికి వచ్చింది. అప్పటికే ఆ జట్టు వరుసగా 15 టెస్టులు గెలిచి ఉన్నది. అయితే భారత గడ్డపై మాత్రం 1969-70 తరువాత వారికి సిరీస్ దక్కలేదు. తమకు జయించడానికి మిగిలిన చివరి సరిహద్దుగా వా ఈ దేశాన్ని భావించాడు. ఇటు భారత జట్టు పరిస్థితి దయనీయంగా ఉన్నది. అంతకు ఏడాది ముందు ఆస్ట్రేలియాలో మూడు టెస్టులకు మూడూ ఓడింది. ప్రధాన స్పిన్నర్ అనిల్ కుంబ్లే భుజం గాయంతో ఆటకు దూరమయ్యాడు.

వీటన్నిటినీ మించిన బాధ మరొకటి ఉన్నది. 2000వ సంవత్సరంలో బయటపడిన మ్యాచ్ ఫిక్సింగ్ వివాదం అభిమానుల నమ్మకాన్నే దెబ్బతీసింది. 99 టెస్టులాడిన హైదరాబాదు ఆటగాడు, మాజీ కెప్టెన్ అజహరుద్దీన్‌పై ఆ డిసెంబరులో భారత క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించింది. (ఆ నిషేధం చట్టబద్ధం కాదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది.) ఆయన మణికట్టు విన్యాసం చూసి బ్యాటు పట్టిన తెలుగు యువకులెందరో. గెలుపోటముల మాట అటుంచి, చూస్తున్నది అసలు ఆటేనా అన్న అనుమానంతో ఒక సిరీస్ కోసం ఎదురుచూడవలసి రావడం ఏ అభిమానికైనా దుర్భరమే.

ఫిబ్రవరి 25న ఆస్ట్రేలియా క్రికెట్ దిగ్గజం డాన్ బ్రాడ్‌మన్ కన్నుమూశాడు. రెండు రోజుల తరువాత ముంబైలో మొదటి టెస్టు ప్రారంభమైంది. మూడు రోజుల్లోనే ఆస్ట్రేలియా పది వికెట్ల తేడాతో గెలిచింది. వరుస విజయాలు 16కు చేరాయి. భయపడినంతా జరిగింది. ఆ టెస్టులో హైదరాబాదు బ్యాట్స్‌మన్ వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసినవి 20, 12 పరుగులు. ఏడాది ముందు సిడ్నీలో జట్టు 261 పరుగులు చేస్తే అందులో ఒంటరిగా 167 చేసినవాడాయన. అయినా జట్టులో ఆయన స్థానం ఎన్నడూ స్థిరంగా లేదు.

మార్చి 11న కోల్‌కతాలో రెండవ టెస్టు. ఆస్ట్రేలియా 445 పరుగులు చేయగా భారత్ 171కే కుప్పకూలింది. ఐదు రోజుల ఆటలో 200 పరుగులు, అంతకు మించిన ఆధిక్యం ఉన్న జట్టు ఎదుటి జట్టును వెంటనే మళ్ళీ బ్యాటింగుకు దింపవచ్చు. దీనినే ఫాలోఆన్ అంటారు. వా అదే చేశాడు. తొలి ఇన్నింగ్స్‌లో 59 పరుగులు చేసి చివరి వికెట్‌గా వెనుదిరిగిన లక్ష్మణ్‌ను, కాళ్ళకు కట్టుకొన్న ప్యాడ్లు విప్పవద్దని కోచ్ జాన్ రైట్ వారించాడు. ఆరవ స్థానంలో ఆడే ఆయనను మూడవ స్థానానికి మార్చారు. ఆ స్థానంలో ఆడే రాహుల్ ద్రావిడ్ ఆరవ స్థానానికి వెళ్ళాడు.

మూడవరోజు ఆట ముగిసేసరికి భారత్ నాలుగు వికెట్లకు 254. ఇంకా 20 పరుగులు వెనుకబడే ఉన్నది. నాలుగవరోజు ఉదయం లక్ష్మణ్, ద్రావిడ్ క్రీజులోకి వెళ్ళారు. సాయంత్రం ఇద్దరూ కలిసే తిరిగి వచ్చారు. రోజంతా ఒక్క వికెట్ పడలేదు. స్కోరు 589కి చేరింది. లెగ్ స్టంపుకు ఆవల పడి లోపలికి తిరుగుతున్న షేన్ వార్న్ బంతులను లక్ష్మణ్ ముందుకు వచ్చి ఒకసారి కవర్స్ మీదుగా, మరొకసారి మిడ్‌వికెట్ మీదుగా తరలించిన తీరు ఆ ఇన్నింగ్స్‌కు ప్రాణం. ఒకే రకపు బంతిని రెండు దిక్కులకూ పంపగల బ్యాట్స్‌మన్‌కు ఫీల్డర్లను ఎక్కడ నిలపాలి? చివరకు లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. వారి భాగస్వామ్యం 376 పరుగులు. టెస్టుల్లో భారతీయుని అత్యధిక స్కోరుగా అంతవరకు ఉన్న సునీల్ గవాస్కర్ 236ను లక్ష్మణ్ దాటాడు.

384 పరుగుల లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 212కే ఆలౌటై 171 పరుగుల తేడాతో ఓడింది. హర్భజన్ సింగ్ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 13 వికెట్లు తీశాడు. సాధారణంగా ఎవరూ తలవని ఒక పేరు ఇక్కడ చెప్పుకోవాలి. చివరి ఇన్నింగ్స్‌లో మార్క్ వాను సున్నాకు ఔట్ చేసింది హైదరాబాదు ఎడమచేతి స్పిన్నర్ వెంకటపతి రాజు. ఆయనకు అదే చివరి టెస్టు. చెన్నైలో జరిగిన మూడవ టెస్టును రెండు వికెట్ల తేడాతో గెలిచి భారత్ సిరీస్‌ను 2-1తో దక్కించుకొన్నది. ఆ మూడు వారాల్లో అభిమానులకు దక్కినది కప్పు ఒక్కటే కాదు. ఆట నిజమైనదేనన్న నమ్మకం వారికి తిరిగి కలిగింది.

ఆస్ట్రేలియాపై తెలుగువారి పట్టుదలకు లక్ష్మణ్ ఆద్యుడు కాడు. సికింద్రాబాదులో పుట్టిన ఎం.ఎల్. జయసింహ 1960 జనవరిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై ఐదు రోజులూ బ్యాటింగు చేశాడు. టెస్టు చరిత్రలో అలా చేసిన మొదటి ఆటగాడు ఆయనే. 1968లో ఆస్ట్రేలియా పర్యటనకు మొదట ఎంపిక కాని ఆయనను, జట్టులో గాయాల వల్ల మధ్యలో పిలిపించారు. దిగిన కొద్ది రోజులకే బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేశాడు. భారత్ 39 పరుగుల తేడాతో ఓడిపోయింది. గెలిచి ఉంటే ఆ శతకం లక్ష్మణ్ ఇన్నింగ్స్ సరసన నిలిచేదేమో.

విచిత్రమేమిటంటే, ఇంతటి ఆసక్తి ఉన్న తెలుగు నేలపై ఈ రెండు జట్లూ చాలాకాలం టెస్టు ఆడనే లేదు. హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో జరిగిన మూడు టెస్టులూ న్యూజీలాండ్‌తోనే. 2013 మార్చిలో ఉప్పల్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు జరిగింది. భారత్ ఇన్నింగ్స్ 135 పరుగుల తేడాతో గెలిచింది. అప్పటికి లక్ష్మణ్ ఆట నుంచి విరమించి నెలలు గడిచాయి. సొంత ఊరి ప్రేక్షకుల ముందు ఆస్ట్రేలియాతో టెస్టు ఆడే అవకాశం ఆయనకు రానే లేదు.

2020 డిసెంబరులో అడిలైడ్‌లో భారత్ 36 పరుగులకే ఆలౌటైనప్పుడు, సిరీస్ 4-0తో ముగుస్తుందని పలువురు మాజీ ఆటగాళ్ళు తేల్చి చెప్పారు. అంచనా మళ్ళీ తప్పింది. సిడ్నీలో కాకినాడకు చెందిన హనుమ విహారి తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఎదుర్కొని, అశ్విన్‌తో కలిసి ఓటమిని తప్పించాడు. చేసినవి 23 పరుగులే. ఆనాడు పరుగులు ఎవరికి కావాలి? ఆ పర్యటన మొదట్లోనే ఆటోడ్రైవరైన తండ్రి మరణవార్త విని కూడా జట్టుతోనే ఉండిపోయిన హైదరాబాదు యువకుడు మహమ్మద్ సిరాజ్ బ్రిస్బేన్‌లో రెండవ ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. 1988 తరువాత ఆస్ట్రేలియా ఓడిపోని ఆ మైదానంలో భారత్ 2021 జనవరి 19న గెలిచి సిరీస్‌ను సొంతం చేసుకొన్నది.

2024-25లో మరల ఎదురుచూపు. 1991-92 తరువాత తొలిసారి ఈ రెండు జట్ల మధ్య ఐదు టెస్టుల సిరీస్. పెర్త్‌లో 295 పరుగుల గెలుపుతో ఆశలు చిగురించాయి. కాని సిరీస్ 3-1తో ఆస్ట్రేలియా వశమైంది. అయితే ఆ ఓటమిలోనూ మరువరాని ఘట్టం ఒకటి ఉన్నది. మెల్‌బోర్న్‌లో విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 99 పరుగుల వద్ద ఉండగా తొమ్మిదవ వికెట్ పడింది. చివరి బ్యాట్స్‌మన్ సిరాజ్ వచ్చాడు. కమిన్స్ వేసిన మూడు బంతులను కాచుకొన్నాడు. తరువాతి ఓవరులో నితీశ్ బంతిని సరిహద్దుకు పంపి శతకం పూర్తి చేశాడు. ప్రేక్షకుల మధ్య నిలబడిన తండ్రి కన్నీళ్ళు పెట్టుకొన్నాడు.

అంతర్జాతీయ క్రికెట్ మండలి కాలపట్టికలో ఆ తరువాతి సిరీస్‌కు కేటాయించినవి 2027 జనవరి, ఫిబ్రవరి నెలలు. ఆతిథ్యం భారతదేశానిది, టెస్టులు ఐదు. ఖమ్మం పల్లెల్లో అవి మిరపకాయలు ఏరే రోజులు. మన దేశంలో ఆట మొదలయ్యే తొమ్మిదిన్నర గంటల వేళకు కూలీలు చేలో సగం సాలు దాటి ఉంటారు. టాస్ ఎవరు గెలిచారో గట్టు మీది ఫోను చూసినవారే కేకవేసి చెప్పాలి.