ఇంజనుకు విసనకర్ర

ఎండాకాలం. పొదుపు సంఘం ఆడవాళ్లు ఎనిమిది మంది శ్రీశైలం బయలుదేరారు. ఒక జీపు మాట్లాడుకున్నారు. దోర్నాల దాటింది. ఘాట్ రోడ్డు మొదలయింది. అంతా ఎత్తు. అన్నీ మలుపులు. జీపు నెమ్మదిగా ఎక్కుతోంది.

డ్రైవరు ఎదురుగా ఒక ముల్లు ఉంది. అది ఇంజను వేడిని చూపిస్తుంది. ముల్లు ఎర్ర గీత దగ్గరకు వచ్చింది. డ్రైవరు జీపును పక్కన ఆపాడు. తాళం తీసేశాడు. బానెట్ ఎత్తాడు. లోపలి నుంచి సెగ కొట్టింది.

ఒకామె కొడుకు నీళ్ల సీసా తెచ్చాడు. రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ఒరే, ఆగరా!" అని తల్లి కేక వేసింది.

బానెట్ లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు."

"మంచి పని చేశావక్కా," అన్నాడు డ్రైవరు. "మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదకు చిమ్మేవి. ఇది కూడా ప్రెషర్ కుక్కరు లాంటిదే. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తామా?"

డ్రైవరు లోపలికి చూశాడు. ఫ్యాను తిరగడం లేదు. ఫ్యూజు పోయింది. దగ్గర ఇంకొకటి ఉంది.

"అమ్మా, అందరూ వెనక్కు జరగండి. కొంగులు దోపుకోండి," అన్నాడు. కొత్త ఫ్యూజు పెట్టాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. అవ్వ ఉలిక్కిపడింది.

"తాళం తీసేశావు గదా అబ్బాయా! ఇదెట్లా తిరుగుతా ఉంది?"

"ఇది కరెంటు ఫ్యాను అవ్వా. బ్యాటరీతో తిరుగుతుంది. కొన్ని బండ్లలో ఇంజను ఆగినా తిరుగుతుంది. నీళ్లు చల్లబడితే అదే ఆగిపోతుంది."

ఆడవాళ్లు చెట్టు నీడన కూర్చున్నారు. డ్రైవరు వివరంగా చెప్పాడు.

ఇంజనులో డీజిలు గానీ, పెట్రోలు గానీ మండుతుంది. అందువల్ల వేడి పుడుతుంది. ఆ వేడి తీయకపోతే ఇంజను పాడవుతుంది. అందుకని ఇంజను చుట్టూ నీళ్లు తిరుగుతాయి. అందులో కూలెంటు అనే మందు కలుపుతారు. నీళ్లు వేడిని తీసుకుని రేడియేటరుకు వస్తాయి. రేడియేటరులో సన్నని గొట్టాలు ఉంటాయి. వేడి అన్నం పళ్లెంలో పలచగా పరిస్తే త్వరగా ఆరుతుంది. అలాగే సన్నని గొట్టాలలో నీళ్లు త్వరగా చల్లారుతాయి. మళ్లీ ఇంజనులోకి పోతాయి.

బండి వేగంగా పోతే ఎదురుగాలి తగులుతుంది. అది చాలు. బండి ఆగితే గాలి ఉండదు. ఘాట్ ఎక్కేటప్పుడు వేగం తక్కువ, ఇంజనుకు పని ఎక్కువ. అప్పుడు ఫ్యాను కావాలి.

పాత బండ్లలో ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. ఇంజను నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదించేది. కరెంటు ఫ్యాను అలా కాదు. దానికి వేడిని కనిపెట్టే స్విచ్చి ఉంటుంది. నీళ్లు సుమారు 90 నుంచి 100 డిగ్రీలకు చేరితే ఫ్యాను తిరుగుతుంది. అవసరం లేనప్పుడు ఆగుతుంది. కొన్ని బండ్లకు రెండు ఫ్యాన్లూ ఉంటాయి. ఏసీ వేసినా కరెంటు ఫ్యాను తిరుగుతుంది.

కాసేపటికి ఫ్యాను ఆగింది. అయినా డ్రైవరు మూత ముట్టలేదు. ఇంజను బాగా ఆరనిచ్చాడు. తర్వాత మందపాటి గుడ్డతో మూత మెల్లగా తిప్పాడు. నీళ్లు సరిపోయాయి. జీపు కదిలింది.

గుర్తుంచుకోండి

1. ముల్లు ఎర్ర గీతకు వస్తే బండి ఆపమని చెప్పండి.
2. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకూడదు.
3. కాగిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్లు పోయకూడదు. ఇంజను పగలవచ్చు.
4. ఆగిన ఫ్యాను ఎప్పుడైనా తిరగవచ్చు. చేతులు, కొంగు, జడ దూరంగా ఉంచండి.
5. ఒళ్లు కాలితే 20 నిమిషాలు మామూలు చన్నీళ్లు పోయండి. సిరా, పేస్టు పూయకండి. ఆస్పత్రికి వెళ్లండి.

జవాబులు చెప్పండి

1. ఘాట్ రోడ్డు మీద ఇంజను ఎందుకు ఎక్కువ వేడెక్కుతుంది?
2. తాళం తీసినా ఫ్యాను ఎలా తిరిగింది?
3. తల్లి కొడుకును ఎందుకు ఆపింది?

చదవండి, రాయండి

ఇంజను, రేడియేటరు, బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, కూలెంటు