నిద్రపట్టని వీధి: శబ్దము, మురుగు, ఆయుర్వేద దృష్టి

నిద్రలేమితో బాధపడుచున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి నేను ఐదు మాసములు చికిత్స చేసితిని. అశ్వగంధ చూర్ణమును పాలతో ఇచ్చితిని. సారస్వతారిష్టము ఇచ్చితిని. తలకు క్షీరబలా తైలము పట్టించితిని. పక్షమునకొకసారి వచ్చి, "కొంచెము నయమేనండీ" అని మర్యాదకు చెప్పి వెళ్ళెడివారు. ఆయన కన్నులు మాత్రము ఆ మాట చెప్పుట లేదు.

ఒకనాటి రాత్రి ఆయన భార్యకు కాలు బెణికి లేవలేకున్నదని కబురు రాగా, నేనే వారింటికి పోయితిని. అప్పటికి పది గంటలు దాటినది. వారి ప్రహరీగోడకు ఆవల ఒక కల్యాణమండపము. దాని ఆరుబయట డి.జె. పెట్టెలు మ్రోగుచున్నవి; ప్రక్కనే జనరేటరు. ఇంటి ముందు మూతలేని మురుగుకాలువ. విందులో మిగిలిన విస్తళ్ళు అందులో పడి నీరు నిలిచిపోయినది. ఆ విస్తళ్ళ కొరకు కుక్కలు పోట్లాడుకొనుచున్నవి. ఆ తల్లి నాడి చూచుటకై మణికట్టుపై వ్రేళ్ళుంచితిని. మంచము అదరుచుండుటచే ఆ అదురేదో, నాడి ఏదో నాకు తెలియలేదు. నలుబది ఏండ్ల వైద్యవృత్తిలో నాకట్టి అనుభవము అదియే మొదటిది.

మా గురువుగారు రోగి వచ్చినంతనే నాలుక చూడక పూర్వము, "ఎక్కడ పడుకొందువు నాయనా? ఏ నీరు త్రాగుదువు?" అని అడిగెడివారు. దేశపరీక్ష అనునది రోగపరీక్షలో భాగమని మాచే వల్లె వేయించిరి. ఐదు మాసములు నేను ఆ ప్రశ్న అడుగలేదు. కారణము ప్రతి రాత్రియు గోడ ప్రక్కనే మ్రోగుచుండగా, నేను పగలు కార్యమునకు మందిచ్చుచుంటిని. వ్యాధికారణమును విడుచుటయే చికిత్సలో మొదటి మెట్టు. దీనినే నిదాన పరివర్జనము అందురు. ఆ పిమ్మటనే ఔషధము.

శబ్దము ఎట్లు రోగకారణమగును?

చరకసంహిత సూత్రస్థానమున ఇంద్రియములకు వాని విషయములతో కలుగు సంబంధము మూడు విధములుగా చెడునని చెప్పబడినది: అతియోగము, హీనయోగము, మిథ్యాయోగము. ఉరుములు, భేరీధ్వనులు, పెద్ద కేకలు మితిమీరి వినుట చెవికి అతియోగము. పరుషమైన మాటలు, భయము గొలుపు ధ్వనులు, మనస్సుకు అప్రియమైన వార్తలు వినుట మిథ్యాయోగము. ఈ రెండవది గమనింపదగినది. ధ్వని పెద్దది కానవసరము లేదు. పొరుగింటివారు రాత్రివేళ తిట్టుకొనుట, సగము రాత్రి కుక్క ఏడ్పు, నీళ్ళ మోటారు రొద, ఇవన్నియు మిథ్యాయోగములే. "అంత చిన్న చప్పుడుకే నిద్ర పోవలేవా?" అని రోగిని నిందించువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

చెవియు చర్మమును వాయుస్థానములు. అందుచే శబ్దపీడ మొదట వాతమును ప్రకోపింపజేయును. రాత్రి జాగరణము శరీరమున రూక్షతను పెంచును. ఇవి రెండును కలిసినప్పుడు నిద్రాభంగము, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, ఆవులింతలు, కనురెప్పల బరువు, అజీర్ణము, చిన్న మాటకే కోపము పుట్టును. నిద్ర ఆపుకొనరాని పదుమూడు వేగములలో ఒకటి. ఇతరులు వచ్చి మన వేగమును ఆపుటయు ఆపుకొనుట వంటిదే.

నేటి వైద్యులు చెప్పునది దీనికి భిన్నము కాదు. మేల్కొనకపోయినను, రాత్రి శబ్దమునకు గుండెవేగము, రక్తపోటు పెరుగునని తేలినది. మంచి నిద్రకు పడకగదిలో 30 డెసిబెళ్ళకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు. 10 పెరిగిన ధ్వనిశక్తి పది రెట్లగును. 85 డెసిబెళ్ళ ధ్వనిలో దినమునకు 8 గంటల చొప్పున పనిచేయుట చెవికి చేటు. పెండ్లి ఊరేగింపు పెట్టెల ముందు నిలుచువానికి అంతకు మించిన ధ్వని తగులును. అట్టి ధ్వని విన్న తరువాత చెవిలో హోరు నిలిచినను, వినికిడి తగ్గినను వెంటనే చెవి వైద్యునికి చూపవలెను. నశించిన శ్రవణనాడి తైలముతో తిరిగి రాదు; ఈ మాట తైలము అమ్ముకొను నావంటివాడే చెప్పవలెను.

రాత్రి చేయదగిన ఉపచారములు

వాతమునకు తైలమును మించినది లేదు. తల, చెవులు, పాదములు ఈ మూడింటికి విశేషముగా చేయవలెనని వాగ్భటుడు చెప్పెను. పడుకొనుటకు అరగంట ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళను ఒక్కొక్కటి ఐదు నిమిషములు మర్దించి, గుడ్డతో తుడువవలెను. తుడువక లేచిన జారి పడుదురు. వృద్ధుల విషయమున ఇది మరువరాదు. చెవిలో రెండు మూడు చుక్కల వెచ్చని నువ్వులనూనె వారమునకు రెండుసార్లు చాలును. చెవి కారువారు, కర్ణభేరికి రంధ్రమున్నవారు, చెవినొప్పి గలవారు ఒక్క చుక్కయు వేయరాదు.

చెవిలో దూది పెట్టుకొనుట మన ఇండ్లలో పరిపాటి. ఉత్త దూది శబ్దమును ఆపునది స్వల్పమే. మందుల దుకాణములలో దొరకు మెత్తని నురుగు బిరడాలు అంతకంటె మేలు. వానిని సన్నగా నలిపి చెవిలో ఉంచిన అవి ఉబ్బి నిలుచును. పసిపిల్లలకు వాడరాదు. ఇంటిలో జబ్బుమనిషి ఉన్న, పిలుపు వినవలసినవాడు వానిని పెట్టుకొనరాదు.

నిద్రకు గేదెపాలు శ్రేష్ఠమని చరకుడు చెప్పెను. జీర్ణశక్తి గలవారు రాత్రి ఒక చిన్న గ్లాసు వెచ్చని పాలలో జాజికాయ పొడి రెండు బియ్యపుగింజల ఎత్తు కలిపి త్రాగవచ్చును. జాజికాయ ఎక్కువైన విషమగును, స్పూనుతో కొలవరాదు. గర్భిణులకు వలదు. అశ్వగంధ అందరును తమంత తాము కొని తినుచున్నారు. గర్భిణులు, కాలేయవ్యాధి గలవారు, థైరాయిడ్ మాత్రలు వాడువారు వైద్యుని అడుగక దానిని ముట్టరాదు. రక్తపోటు మాత్రలను ఎట్టి పరిస్థితిలోను ఆపరాదు.

రాత్రి నిద్ర చెడినప్పుడు మరునాడు భోజనానంతరము మధ్యాహ్నము దాటువరకు నిద్రించుట మనవారి అలవాటు. దానివలన కఫము పెరిగి, ఆ రాత్రియు నిద్ర రాదు. ఎన్ని గంటలు జాగరణమైనదో అందులో సగము కాలము ఉదయము ఏమియు తినకముందు నిద్రింపవలెనని అష్టాంగహృదయము చెప్పుచున్నది. పెండ్లి రోజులలో మా మాస్టారికి అన్నిటికంటె ఎక్కువ మేలు చేసినది ఈ చిన్న నియమమే. దీనికి ఖర్చు లేదు.

ఇక పడక. ఆ ఇంటివారు వీధివైపు గదిలో గాలి వచ్చునని పడుకొనెడివారు. మంచమును పెరటివైపు గదికి మార్పించితిని. మండపమువైపు గోడకు పుస్తకముల బీరువా ఆనించితిమి. తలుపు క్రింది సందున పాత దుప్పటి చుట్టి పెట్టితిమి. ధ్వని సందులగుండనే వచ్చును. గోడ మందము ఎంతయున్నను సందు ఉన్న లాభము లేదు. అయితే గదిని బిగించి అందులో దోమల చుట్ట వెలిగించుట అపాయము. దానికంటె దోమతెర మేలు.

మురుగుకాలువ, దోమ, కుళాయి

రొదకు మురుగునకు సంబంధము లేదనుకొందుము. ఆ వీధిలో కుక్కల అరపు కుక్కల దోషము కాదు, ఎత్తివేయని విస్తళ్ళది. చెత్త ఉన్నచోట కుక్క చేరును. వీథి కుక్కలకు సంతాన నిరోధ శస్త్రచికిత్స, టీకా చేయించు బాధ్యత 2023 నాటి నిబంధనల ప్రకారము స్థానిక సంస్థలది. కాని ముందు విస్తరి ఎత్తవలెను.

కాలువలోని మురుగునీటిలో పెరుగునది క్యూలెక్స్ దోమ. మన కోస్తా జిల్లాలకు చిరపరిచితమైన బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయునది అదియే. డెంగీ దోమ అట్లు కాదు. అది మంచినీటిలో గ్రుడ్లు పెట్టి పగలు కుట్టును. కాలువను తిట్టుచు, ఇంటి వెనుక పూలకుండీ పళ్ళెములోను, కూలరులోను నీరు నిలువ ఉంచువారిని చూచితిని. గ్రుడ్డు దోమ అగుటకు సుమారు వారము పది దినములు పట్టును. కాబట్టి వారమునకొకసారి ప్రతి పాత్రను ఖాళీ చేసి, లోపల రుద్ది ఆరబెట్టవలెను. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టమునకు సన్నని వల కట్టవలెను. వేపాకు, గుగ్గిలము ధూపము గదిలోని దుర్గంధమును కొంత అణచును. అదియు పొగయే, ఉబ్బసము గలవారి ఇంటను, పసిబిడ్డ ఉన్న గదిలోను వేయరాదు. ప్లాస్టిక్ కలిసిన చెత్తను కాల్చుట ధూపము కాదు, విషము.

కుళాయి సంగతి మరింత సున్నితమైనది. నీరు గంటో రెండు గంటలో వదలి ఆపు ఊళ్ళలో తక్కిన కాలము గొట్టము ఖాళీగా ఉండును. అది మురుగుకాలువ ప్రక్కగా పోవుచు ఎక్కడైన చిల్లుపడిన మురుగు లోనికి చేరును. వీథి కుళాయికి నేరుగా మోటారు బిగించువారు ఆ పీల్పును ఇంకను పెంచుచున్నారు. తన ట్యాంకు నిండినదని సంతసించువాడు వీధివారందరికిని మురుగు పోయుచున్నాడు. నీరు మొదట వచ్చునది పారబోసి పిమ్మట పట్టవలెను. మడ్డిగా ఉన్న ఇండుపగింజ అరగదీసి కలిపి తేర్చుట ప్రాచీన పద్ధతి. అది మడ్డిని దింపును గాని క్రిములను చంపదు. తేరిన నీటిని కుతకుత మరుగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టి త్రాగవలెను. విరేచనములు మొదలైనచో ఓ.ఆర్.ఎస్. పొట్లమే మొదటి ఔషధము, కషాయము తరువాత.

ఒక్క ఇంటి వైద్యము కాదు

ఇంతవరకు చెప్పినవి ఓర్చుకొనుటకు సహాయములు. కారణము ఇంటి వెలుపల ఉన్నది. చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసమను అధ్యాయము కలదు. పాంచాల దేశమున కాంపిల్యనగరమందు గంగాతీరమున పునర్వసు ఆత్రేయుడు శిష్యుడగు అగ్నివేశునకు దానిని బోధించెను. మనుష్యుల ప్రకృతులు, ఆహారములు వేరు వేరైనను ఒకే వ్యాధి ఒకేసారి అందరికి ఎట్లు వచ్చునని శిష్యుని సందేహము. గాలి, నీరు, నేల, కాలము అను నాలుగు అందరికి ఉమ్మడి. అవి చెడిన అందరును చెడుదురని గురువు సమాధానము. అవి చెడుటకు మూలము అధర్మమనియు, పాలకులు ధర్మము తప్పగా వారి క్రింది అధికారులు, పౌరులు, వర్తకులు దానిని పెంచుదురనియు ఆయన చెప్పెను. వైద్యగ్రంథములో పాలన సంగతి ఏల అని విద్యార్థి దశలో నాకు తోచెడిది. ఆ మంచము అదరిన రాత్రి తెలిసినది.

శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చినవి. నివాసప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి అనగా 10 గంటలనుండి ఉదయము 6 వరకు. ఆ వేళ ఆరుబయట మైకు నిషిద్ధము. ప్రభుత్వము పండుగలకు ఏటా 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వరకు సడలింపవచ్చును. మూసిన మండపము లోపల వాడుకొనవచ్చును గాని, ప్రైవేటు స్థలపు సరిహద్దు వద్ద ధ్వని ఆ ప్రాంత పరిమితిని 5 డెసిబెళ్ళకంటె మించరాదు. ఆసుపత్రి, పాఠశాల, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్లలోపు నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటింపవచ్చును.

మురుగు విషయమున రత్లాం పట్టణపు తీర్పు ప్రతి వీధివారును తెలిసికొనదగినది. మధ్యప్రదేశమందలి ఆ ఊరిలో ఒక వార్డువారు కాలువల దుర్గంధము భరింపలేక మెజిస్ట్రేటును ఆశ్రయించిరి. పురపాలక సంఘము తన వద్ద ధనము లేదన్నది. ధనము లేదనుట సాకు కాదని 1980లో సుప్రీంకోర్టు, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు ద్వారా, స్పష్టము చేసినది. వారు ఆశ్రయించిన పాత సెక్షను 133కు బదులుగా, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షను 152 ఉన్నది.

మా మాస్టారు పోట్లాడు మనిషి కారు. "మనకెందుకండీ, పెండ్లివారి ఉసురు" అని మొదట వెనుదీసిరి. పెండ్లి ఆపమనుట లేదు, పది తరువాత పెట్టెలు లోపల పెట్టుకొమ్మనుచున్నామని నచ్చజెప్పితిని. ఒక నోటుపుస్తకము కొనిరి. ఏ తేదీన ఎన్ని గంటలవరకు మ్రోగినది, కాలువ ఎన్నాళ్ళకు తీసిరి, నీరు ఏ దినమున వాసన వచ్చినది, అన్నియు వ్రాయసాగిరి. బడిపంతులు చేతివ్రాత కదా, ముద్రించినట్లున్నది. వీధిలో పదునొకండు ఇండ్లవారు సంతకము చేసిరి. నా రోగులలో నిద్రలేమి, రక్తపోటు గల ముగ్గురి విషయమును, వారి అనుమతితో, నేను వేరొక కాగితముపై వ్రాసి జతచేసితిని. ఇది ఏ వైద్యుడైన చేయదగిన పని; రూపాయి ఖర్చు లేదు.

మొదటి రెండు అర్జీలకు జవాబు లేదు. మూడవది నోటుపుస్తకపు నకలుతో ఇచ్చినప్పుడు ఒక అధికారి స్వయముగా రాత్రివేళ వచ్చి నిలుచుండి వినెను. మండపము యజమాని పెట్టెలను హాలు లోపలికి మార్పించెను. జనరేటరుకు గది కట్టించెదననెను, ఇంకను కట్టలేదు.

గత మాసమున మాస్టారు వచ్చినప్పుడు అశ్వగంధ, అరిష్టము మాన్పించితిని. పాదాభ్యంగము మాత్రము చేసికొనుచున్నారు. కాలువపై రాతిపలకలు వీధి సగమువరకే పరచిరి. మిగిలిన సగము కొరకు ఆయన రెండవ నోటుపుస్తకము మొదలుపెట్టిరి.