కోడిగుడ్డు తెల్లసొన – వంటలో దాని ఉపయోగము

బోథ్ వంటి అటవీ ప్రాంతపు గ్రామములలో పెరటికోళ్లను పెంచుట తరతరాలుగా వచ్చుచున్న అలవాటు. ఇంటి గుడ్డు ఇంటివారికే దక్కుచున్నను, దానిని వాడుటలో కొన్ని పొరపాట్లు జరుగుచున్నవి. పచ్చిగుడ్డు ఎక్కువ బలమని బాలింతలకును పిల్లలకును త్రాగించువారు కలరు. సారమంతయు పచ్చసొనలోనే కలదని తెల్లసొనను చిన్నచూపు చూచువారును కలరు. ఈ రెండు అభిప్రాయములును సరియైనవి కావు.

తెల్లసొనలో ఏమున్నది?

గుడ్డు బరువులో సగమునకు పైగా తెల్లసొనయే. అందులో నూటికి 88 పాళ్లు నీరు, 10 లేక 11 పాళ్లు మాంసకృత్తులు. కొవ్వు దాదాపు లేదు. గుడ్డులోని మొత్తము మాంసకృత్తులలో సగమునకు మించి తెల్లసొననుండియే లభించును. ఇనుము, ఎ, డి విటమినులు మాత్రము పచ్చసొనలో ఉండును. కావున ఎదిగెడి పిల్లలకును గర్భిణులకును రెండు సొనలును కావలెను.

పచ్చిది ఏల కూడదు?

పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అను పదార్థము, బయోటిన్ అను విటమినును పట్టియుంచి శరీరమునకు అందనీయదు. వేడిచేత అవిడిన్ శక్తి నశించును. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు నూటికి సుమారు 90 పాళ్లు ఒంటబట్టగా, పచ్చిదానిలో సుమారు సగమే ఒంటబట్టును. ఇంతేకాక, విరేచనములను, జ్వరమును కలిగించు సాల్మొనెల్లా క్రిములు పచ్చిగుడ్డులో ఉండవచ్చును. రెండు సొనలును గట్టిపడువరకు ఉడికించుటయే క్షేమము.

వండు విధములు

తెల్లసొనకు రెండు ముఖ్య గుణములు కలవు. మొదటిది వేడికి గడ్డకట్టుట. ఇది సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటినపుడు మొదలగును. మరుగుచున్న పులుసులో గుడ్డు కొట్టి వేసినపుడు తెల్లసొన ముందుగా గట్టిపడి పచ్చసొనను కప్పును. అంతవరకు గరిటె పెట్టరాదు. శనగపిండితోనో కూరగాయల తురుముతోనో చేయు వడలు విడిపోకుండ పట్టియుంచుటకును ఇదియే తోడ్పడును.

రెండవది గిలకొట్టిన నురుగు కట్టుట. గిన్నెలో నూనె జిడ్డుగాని, పచ్చసొన చుక్కగాని ఉన్నచో నురుగు సరిగా రాదు. రెండు మూడు చుక్కల నిమ్మరసము వేసిన నురుగు నిలుచును. మూడు గుడ్ల తెల్లసొనను ముందు నురుగగునట్లు గిలకొట్టి, పిదప పచ్చసొన, ఉల్లి, మెంతికూర, ఉప్పు మెల్లగా కలిపి, మూతపెట్టి సన్నని సెగపై కాల్చిన అట్టు పొంగి మెత్తగా ఉండును. జొన్నరొట్టెతో తినుటకు ఇది మిక్కిలి అనుకూలము.

బేకరీలలో కేకు పొంగుటకు ఈ నురుగే తోడ్పడును. తమిళనాడులోని తూత్తుకుడిలో తెల్లసొన నురుగునకు చక్కెర, జీడిపప్పు పొడి చేర్చి, తక్కువ వేడిలో కాల్చి మకరూన్లను తయారుచేయుదురు. ఆ పట్టణమునకు అవి పేరు తెచ్చినవి. ఇట్టి వంటలకు తెల్లసొన మాత్రమే వాడినపుడు, మిగిలిన పచ్చసొనను పారవేయక ఆ పూటయే కూరలో ఉడికించి వాడుకొనవలెను.

గుడ్డు పరీక్ష

గుడ్డును నీటిలో వేసినపుడు అడుగున పడుకొన్నచో తాజాది. నిలువుగా నిలిచినచో పాతది. తేలినదానిని వాడరాదు. గుడ్లను నిలువచేయుటకు ముందు కడుగరాదు. కడిగినచో పెంకుపైనున్న రక్షణ పొర పోవును. వండబోవునపుడు కడిగిన చాలును. మిక్కిలి తాజా గుడ్డు ఉడికించిన పిదప తెల్లసొన పెంకునకు అంటుకొని వృథా అగును. కొద్ది రోజుల గుడ్డు సులభముగా ఒలుచుటకు వచ్చును.

సభ్యుల కర్తవ్యము

తెలంగాణలో 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము ద్వారా గర్భిణులకును బాలింతలకును అంగన్‌వాడీ కేంద్రములో ఒక పూట భోజనముతోపాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చు ఏర్పాటు చేయబడినది. ఆ గుడ్డు తల్లికొరకు ఉద్దేశింపబడినది. దానిని ఇంటికి కొనిపోయి నలుగురికి పంచినచో ఆమెకు దక్కునది స్వల్పమే.

కావున పంచాయతీ సభ్యులు అప్పుడప్పుడు కేంద్రమునకు పోయి, గుడ్లు మంచివా, పూర్తిగా ఉడికించుచున్నారా, తల్లులు అక్కడనే భుజించుచున్నారా అని చూడవలెను. గుడ్డు తిన్న బిడ్డకు దద్దుర్లుగాని వాంతులుగాని కలిగినచో, మరల పెట్టక వైద్యునికి చూపింపుమని తల్లులకు తెలుపవలెను. పెరటి పెంపకమునకై హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులను గూర్చి పశువైద్యాధికారిచే గ్రామసభలో చెప్పించుటయు మేలు. గ్రామమున గుడ్లు పెరుగుట ఎంత అవసరమో, ఉన్న గుడ్డు చక్కగా ఉడికి, కావలసినవారి విస్తరిలోనికే చేరుటయు అంతే అవసరము.